పెద్దవాళ్లను ఫోన్‌లోనే ఆపేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

కరోనా కేసులు మళ్లీ వస్తున్నాయని పేపర్లో చదివినప్పుడల్లా నాకు మా అమ్మ గోడ క్యాలెండర్ గుర్తొస్తుంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక 2020 మొదట్లో అమ్మకు కీమో మొదలుపెట్టారు, 21 రోజులకు ఒకటి. అప్పుడు తనకు 71 ఏళ్లు. తర్వాతి కీమో ఎప్పుడో తనే లెక్కపెట్టుకుని ఆ తేదీకి పెన్నుతో సున్నా చుట్టేది. రెండు అయ్యాయి. మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే "వయసు ఎక్కువ కదమ్మా, కరోనా అంటుకుంటే తట్టుకోలేరు, తగ్గాక తీసుకురండి" అన్నారు. అమ్మను చూడలేదు, రక్తపరీక్ష అడగలేదు, తగ్గడమంటే ఎప్పుడో కూడా చెప్పలేదు. బస్సుల్లేవు, కారు మాట్లాడుకుని మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ వెళ్దామంటే పాసు కావాలి, పాసుకు ఆస్పత్రి కాగితం కావాలి, ఆస్పత్రి వాళ్లేమో రావద్దంటున్నారు!

మళ్లీ కీమో ఎక్కించేసరికి జూలై వచ్చింది. ఏడాది చివర్లో జబ్బు ఎముకలకు పాకిందని తేలింది. ఆగిపోయిన ఆ నెలల వల్లే ఇలా అయిందని నేను రుజువు చేయలేను, కానీ ఆ ఆలోచన నన్ను వదలడం లేదు.

డాక్టర్ల భయం ఉత్తది కాదు. కీమో ఇచ్చిన వారం, పది రోజులకు తెల్లకణాలు పడిపోతాయి, అప్పుడు ఏ వైరస్ సోకినా ప్రమాదమే, పెద్దవాళ్లకు మరీను. నెమ్మదిగా పెరిగే కొన్ని ప్రోస్టేట్ క్యాన్సర్ల లాంటివి కొన్నాళ్లు ఆగినా పెద్ద నష్టం ఉండదు. కానీ ఆ నిర్ణయం మనిషిని చూసి తీసుకోవాలి కదా. ఎంత దూరం నడవగలరు, బరువు తగ్గారా, కిడ్నీలు ఎలా ఉన్నాయి, ఇంట్లో చూసుకునేవాళ్లున్నారా, ఇవన్నీ అడగాలి. మా అమ్మ అప్పటికీ రోజూ చెరువుకట్ట దాకా నడిచొచ్చేది, ఆ సంగతి ఎవరూ అడగలేదు, వయసు ఒక్కటే అడిగారు.

ఇది మా ఒక్క ఇంటి బాధే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. దేశంలోని 41 క్యాన్సర్ కేంద్రాల లెక్కలు 2021లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చాయి. 2020 మార్చి నుంచి మే దాకా, అంతకుముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే కొత్త పేషెంట్లు 54 శాతం, పెద్ద ఆపరేషన్లు 49 శాతం తగ్గాయి. జబ్బు సగానికి తగ్గిందా? లేదు, మనుషులు ఇళ్లల్లో ఉండిపోయారు.

అందుకే ప్రభుత్వాన్ని, ఆస్పత్రులను అడుగుతున్నాను. ఇంకో మహమ్మారి వస్తే వయసు చూసి ఫోన్‌లోనే వాయిదా వేయకండి. కనీసం వీడియో కాల్‌లోనైనా డాక్టర్ మాట్లాడి, ఎన్నాళ్లు ఆగొచ్చో, ఆగితే ఏమవుతుందో ఇంట్లోవాళ్లకు చెప్పాలి. మామూలు కీమోలు జిల్లా ఆస్పత్రిలోనే ఎక్కించే ఏర్పాటు ముందే ఉండాలి. ట్రీట్‌మెంట్ ఫైలు చూపిస్తే పోలీసులు బండి వదలాలి, వేరే పాసు అడగకూడదు.

2021 మార్చిలో 60 దాటినవాళ్లకు టీకా మొదలవగానే అమ్మకు వేయించాం. ఇంటికొచ్చి, రెండో డోసు తేదీకి కూడా క్యాలెండర్‌లో సున్నా చుట్టింది. ఆ తేదీ దాకా తను లేదు.

– ఒక కూతురు, మిర్యాలగూడ