మైకు చేతులు మారాలి

ఒరేయ్ శ్రీనూ,

ఇక కాలనీ మీటింగులకి వెళ్లనని ఫోన్‌లో అన్నావే, ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు. చెవి మిషన్ పెట్టుకున్నాక ఇంట్లో బాగానే వినిపిస్తోంది, పదిమంది చేరితే మాత్రం అంతా గోలే అన్నావు. అందులో నీ తప్పేం లేదురా. మాట్లాడేవాళ్లు దూరమయ్యేకొద్దీ మాట పలచబడుతుంది, ఫ్యాన్ల చప్పుడూ కుర్చీల చప్పుడూ మన పక్కనే ఉంటాయి. ఎంత మంచి మిషనైనా వాటిని పూర్తిగా విడదీయలేదు.

ఇక్కడ ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో నేను వెళ్లే పుస్తక చర్చల గదిలో లూప్ పెట్టారు. గది చుట్టూ ఒక తీగ, దానికి ఆంప్లిఫయర్, మైకు, అంతే. మైకులో పలికిన మాట ఆ తీగలో కరెంటుగా పారి, గదంతా అయస్కాంత క్షేత్రమవుతుంది. మన మిషన్‌లో టీ-కాయిల్ అనే చిన్న తీగచుట్ట ఉంటే దాన్ని నేరుగా అందుకుంటుంది. గది మోత మధ్యలో దూరదు. దూరంగా కూర్చున్న మనిషి నా చెవి దగ్గరే మాట్లాడుతున్నట్టు ఉంటుందిరా! బ్రిటన్‌లో దీనికి 1937లోనే పేటెంట్ తీసుకున్నారు. ఇప్పుడు చాలా బ్యాంకు కౌంటర్లలో, చర్చిల్లో, థియేటర్లలో, లండన్ నల్ల ట్యాక్సీల్లో కూడా లూప్ ఉందని చెప్పే చెవి బొమ్మ, పక్కన ఇంగ్లిష్ టీ (T) అక్షరం కనిపిస్తాయి.

అయితే చర్చ దగ్గరే అసలు చిక్కు. ఉపన్యాసానికి ఒక మైకు చాలు. చర్చలో మైకుకి దూరంగా ఎవరు మాట్లాడినా ఆ మాట లూప్‌లోకి రాదు. పైగా మిషన్‌ని టీలో, అంటే టీ-కాయిల్ మీద పెడితే దాని సొంత మైకు ఆగిపోతుంది కాబట్టి పక్కనున్నవాడి మాట కూడా వినపడదు. అందుకే మా దగ్గర చేతి మైకు అందరి మధ్యా తిరుగుతుంది. మైకు చేతికొచ్చాకే మాట్లాడాలి. దానివల్ల ఒకరి మీద ఒకరు పడి మాట్లాడటం కూడా తగ్గింది. చెవులు బాగున్నవాళ్లకీ అది నచ్చింది. టేబుల్ మీద పెట్టే చిన్న పోర్టబుల్ లూప్‌ని మాత్రం ఇలాంటి చర్చకి ఒప్పుకోకు. అది కౌంటర్ దగ్గర ఎదురెదురుగా ఉన్న ఇద్దరికి సరిపోతుంది, గుండ్రంగా కూర్చున్న పన్నెండు మందికి కాదు.

నువ్వు ముందు నీకు మిషన్ అమర్చిన ఆడియాలజిస్ట్‌ని (వినికిడి నిపుణుణ్ణి) అడుగు: టీ-కాయిల్ ఉందా, ఉంటే ఆన్ చేశారా? చెవి లోపల పెట్టే మరీ చిన్నవాటిలో తరచుగా ఉండదు. ఉన్నా, ప్రోగ్రామ్ పెట్టకపోతే పనికిరాదు. టీ, మైకు రెండూ కలిసి పనిచేసే ప్రోగ్రామ్ కూడా వేయించుకో, చర్చల్లో అదే హాయి. లూప్‌లో ఉన్నప్పుడు తల బాగా వంచితే సౌండ్ తగ్గుతుంది, కంగారుపడకు, కాయిల్ పక్కకి ఒరగడం వల్లే అలా అవుతుంది. మీ హాల్లో లూప్ లేకపోయినా, మెడలో వేసుకునే నెక్‌లూప్‌తో పాటు వైర్‌లెస్ మైకు ఒకటి కొనుక్కుంటే చాలావరకు పని జరుగుతుంది. ఆరాకాస్ట్ అని, సౌండ్‌ని ఒకేసారి చాలామంది మిషన్లకి పంపే కొత్త బ్లూటూత్ పద్ధతి కూడా వస్తోంది కానీ పాత మిషన్లు దాన్ని అందుకోలేవు. అందులోనూ మాట మైకులో పడాల్సిందే.

వచ్చే మీటింగుకి ముందే మీ సెక్రటరీ గారికి ఫోన్ చేసి మైకు చేతులు మారాలని చెప్పు. మొహమాటపడకురా, నీలాగే అక్కడ వినపడక తల ఊపేవాళ్లు ఇంకా ఉంటారు. నీ మిషన్ మోడల్ పేరు వాట్సాప్‌లో పంపితే నేనూ చూసి చెబుతా. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రమణ