కాలిన్ కౌంటీలో ఎకరం కొనేముందు నీళ్ళు, కరెంటు సంగతి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

డాలస్ పక్కన కాలిన్ కౌంటీలో ఫ్రిస్కో, మెకినీ, ప్రాస్పర్ వైపు ఉండే మనవాళ్ళలో ఈమధ్య ఒక మాట బాగా వినిపిస్తోంది, ఎకరమో రెండెకరాలో కొనుక్కుని కోళ్ళు, కూరగాయలు పెట్టుకుంటే రేపు ఏ కష్టమొచ్చినా మన తిండి మనకుంటుంది అని. ఆశ మంచిదే, నేను వద్దనట్లేదు, కానీ అందరూ మట్టి చూసి మురిసిపోతున్నారు గానీ నీళ్ళు ఎక్కడ్నుంచి వస్తాయి, కరెంటు పోతే ఏంటి అని అడిగేవాళ్ళు కనపడట్లేదు.

మట్టికి వంక పెట్టలేం. మన కర్నూలు వైపు నల్లరేగడి లాంటిదే, ఒకప్పుడు ఇక్కడా పత్తే పండించారు. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, ఫౌండేషన్ కదలకుండా జనం ఇంటి చుట్టూ సోకర్ హోస్ (నీళ్ళు సన్నగా కారే పైపు) వేసి తడుపుతూ ఉంటారు, బేస్‌మెంట్లు కూడా అరుదు కాబట్టి టోర్నడో వస్తే దిగి దాక్కునే చోటుండదు, లోపలి క్లోజెట్టో బాత్రూమో దిక్కు. గోంగూర, బెండ జూలై ఎండలో కూడా విరగకాస్తాయి, టమాటా మాత్రం రాత్రిళ్ళు వేడెక్కితే పూత రాల్చేస్తుంది, అందుకే మార్చి చివర్లోనే నారు పెట్టెయ్యాలి.

అసలు చిక్కు నీళ్ళు. 1970లో 67 వేల మంది కూడా లేని కౌంటీ 2020కి పది లక్షలు దాటింది, ఊళ్ళకి ఎక్కువగా లవాన్ లేక్ లాంటి చెరువుల నీళ్ళే సప్లై చేస్తారు. బోరు వేద్దామంటే ట్రినిటీ ఆక్విఫర్ (ఇక్కడి భూగర్భ జలాల పొర) బాగా లోతు, డాలస్ చుట్టుపక్కల దాని మట్టం వందల అడుగులు పడిపోయింది. పైగా బోరు మోటారుకి కరెంటు కావాలి కదా.

2021 ఫిబ్రవరి మంచు తుఫానులో ఏమైందో చూశాం. టెక్సస్‌లో చాలావరకు కరెంటు సరఫరా చూసే ఎర్కాట్ గ్రిడ్ మొత్తం కూలిపోవడానికి 5 నిమిషాల దూరం కూడా లేదు, ప్రభుత్వ లెక్కలోనే 246 మంది పోయారు. గ్యాస్ హీటరుందిలే అనుకున్న ఇళ్ళు కూడా చల్లబడిపోయాయి, ఎందుకంటే గాలి తోసే ఫ్యాన్ నడిచేది కరెంటుతోనే. చలికి ఓర్చుకోలేక ఇంట్లో బొగ్గుల గ్రిల్ వెలిగించి, గరాజ్‌లో కారు ఆన్ చేసి కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాల మీదకి తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, దయచేసి ఎవరూ ఆ పని చెయ్యొద్దు.

కాబట్టి ల్యాండ్ కొనేవాళ్ళు ముందు వాటర్ లైనుందా, బోరైతే ఎంత లోతు, జనరేటర్ ఖర్చెంత కనుక్కోండి. సాగు భూమి కింద లెక్కకట్టి పన్ను తగ్గించే ఆగ్ వాల్యుయేషన్ కూడా ఎకరం కొనగానే వచ్చేది కాదు, తేనెటీగలు పెంచినా కనీసం 5 ఎకరాలుండాలి. సబ్‌డివిజన్‌లో ఉండేవాళ్ళకి హెచ్ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) కోళ్ళు వద్దనొచ్చు గానీ వాన నీళ్ళ డ్రమ్ములని పూర్తిగా కాదనడానికి టెక్సస్ చట్టం ఒప్పుకోదు, ఆ నీళ్ళు తోటకి వాడుకోండి. తాగడానికి మనిషికి రోజుకి 1 గ్యాలన్ చొప్పున రెండు వారాలకి సరిపడా దాచుకోండి.

మిమ్మల్ని ఒకటి అడుగుతున్నా. పిల్లల దగ్గరికొచ్చిన అమ్మానాన్నలు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు, ఫోన్‌లో వచ్చే వార్నింగ్ ఇంగ్లీషులోనో స్పానిష్‌లోనో ఉంటుంది, టోర్నడో సైరన్ మోగితే ఏం చెయ్యాలో వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు. టోర్నడో సీజన్ మొదలయ్యేలోపు, అంటే మార్చికి ముందే, మీ ఎన్ఆర్ఐ పేజీలో పెద్ద అక్షరాలతో ఒక అరపేజీ వెయ్యండి, కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించుకునేలా.

ఇట్లు,
మీ పాఠకుడు, మెకినీ, టెక్సస్