మూడున్నర ఎకరాల బొగ్గు

ఒరేయ్ సెంటుగా,

రెండు నెలల కిందట నువ్వు రాసినదానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను, తిట్టుకోకు. నాన్న కంటి ఆపరేషన్ బాగా అయింది, నాట్లు అయిపోయాయి, అమ్మ నిన్ను అడిగింది. అవన్నీ తర్వాత, ముందు ఇది విను.

పోయిన ఆదివారం అక్కా బుడ్డోడూ వచ్చారు. పిల్లలంతా గుడి వెనక వంటలాట ఆడుతున్నారు. అక్కడి పచ్చగన్నేరు చెట్టు నీకు తెలుసుగా, మనం కాయలు ఏరుకుని ఆడుకున్న చెట్టే. పక్కింటి పిల్ల కాయ పెంకుని రాయితో పగలగొట్టి, పప్పు వండాను తిను అని మన బుడ్డోడికి పెట్టింది. తిన్నాడురా. మూడేళ్ళవాడు. ఎంత తిన్నాడో ఎవరికీ తెలీదు. గన్నేరుపప్పు అన్న మాట చెవిన పడగానే అక్క అక్కడే కూలబడిపోయింది.

అమ్మమ్మ పొయ్యిలో బొగ్గు నూరి పట్టమంది, పక్కింటాయన ఉప్పునీళ్ళు అన్నాడు. నేను ఏదీ పట్టనివ్వకుండా బండి తీశాను. దారిలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, ఆ కళ్ళు తేలేసిన ముఖం... సరే వదిలెయ్. పగిలిన పెంకు జేబులో వేసుకెళ్ళడం మంచిదైంది, డాక్టరమ్మ చూడగానే గుర్తుపట్టారు.

అప్పుడు ఏమిచ్చారో తెలుసా? బొగ్గే! కానీ పొయ్యిలోది కాదు. కొబ్బరిచిప్పల్లాంటివి కాల్చి, ఆ బొగ్గుకి 800 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి పట్టిస్తే లోపల కంటికి ఆనని కన్నాలు లెక్కలేనన్ని తెరుచుకుంటాయట. యాక్టివేటెడ్ చార్‌కోల్. ఒక్క గ్రాములో ఆ కన్నాల గోడలన్నీ పరిస్తే దాదాపు 1000 చదరపు మీటర్లు, అంటే పాతిక సెంట్లు! వీడి బరువు 14 కిలోలు, కిలోకి గ్రాము చొప్పున నీళ్ళలో కలిపి ముక్కు గొట్టంలోంచి పోశారు. లెక్క వేసుకో, ఎకరానికి వంద సెంట్లు, ఈసారీ 40 అనకు. మూడున్నర ఎకరాలు! మీ తాతగారి కొబ్బరితోటంత నేల వాడి పొట్టలోకి వెళ్ళింది. విషం ఆ గోడలకి అతుక్కుని, రక్తంలోకి పోకుండా దొడ్డికి వచ్చేస్తుంది.

ఈ విషం గుండె మీద పడుతుందిరా. రాత్రి మానిటర్‌లో గుండె కొట్టుకోవడం నిమిషానికి 62కి దిగింది, వాడి వయసుకి 100 దరిదాపుల్లో ఉండాలి. గుండె వేగం పెంచే మందు, అట్రోపిన్ ఇచ్చారు. నాలుగు గంటలకోసారి మళ్ళీ బొగ్గు, ఎందుకంటే పైత్యరసంతోపాటు విషం మళ్ళీ పేగుల్లోకి వస్తుంది, అక్కడ పట్టుకోవాలి. నేను టెన్షన్‌తో ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. శ్రీలంకలో 2003లో గన్నేరు తిన్నవాళ్ళకి ఇలా పదేపదే ఇస్తే చావులు తగ్గాయట, 2008లో రకరకాల విషాలు తీసుకున్న 4,600 మందికి పైగా మీద చూస్తే తేడా కనపడలేదట. నా చేతులు చల్లబడ్డాయి. డాక్టరమ్మనే అడిగేశాను. గంటలోపు ఇస్తేనే దీనికి బలం, మీరు తొందరగా తెచ్చారు అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నా.

కిరసనాయిలు, యాసిడ్, ఐరన్ మాత్రలైతే బొగ్గు పట్టుకోదట. మగతలో ఉన్నవాళ్ళకి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. ఇప్పుడు అమ్మేమో గ్యాసుకి బొగ్గు మాత్రలు కొనమంటోంది, తన బీపీ మాత్రని కూడా అదే లాగేసుకుంటుందని చెప్పి ఆపాను. అన్నట్టు నీ గదిలో నీళ్ళ ఫిల్టర్ కార్బన్, అదీ ఈ బొగ్గేలే, ఎప్పుడు మార్చావు? అది క్లోరినూ వాసనా లాగుతుందేగానీ సూక్ష్మజీవుల్ని చంపదు, పాతబడితే అవి అందులోనే కాపురం పెడతాయి. మార్చరా, నిజంగా చెప్తున్నా.

మూడో రోజు మధ్యాహ్నం వాడు పెరుగన్నం అడిగాడు. అక్క ఏడుస్తూనే కలిపింది. ఆ చెట్టు సంగతి పూజారిగారితో మాట్లాడాలి, పువ్వులు శివుడికి కావాలంటారు, కనీసం కాయలైనా రోజూ ఏరించి... నాన్న పిలుస్తున్నారు, కంట్లో చుక్కల టైమైంది, ఉంటా.