ఎర్ర గీత సంగతి ఊళ్లో ఎవరు చెప్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మాత్రల అట్ట మీద ఉండే ఎర్ర గీత గురించి రాస్తున్నాను. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు, ముందు నా తప్పు నేనే చెప్పుకుంటాను. మా నాన్న ఒంటికి వెళ్తే మంటగా ఉందన్నప్పుడల్లా నేనే బండి మీద వెళ్లి మందుల షాపులో నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు, అంటే బ్యాక్టీరియా క్రిముల మీద పనిచేసేవి, పట్టుకొచ్చేవాణ్ణి. రెండు వేసుకునేసరికి మంట తగ్గేది, మిగతా రెండూ దేవుడి గూట్లో అగ్గిపెట్టె పక్కన ఉండేవి, మళ్లీ మంట వస్తే అవే. ఏడాదిలో నాలుగైదు సార్లు ఇలాగే నడిచింది. మొన్న వేసవిలో చలిజ్వరంతో పడిపోతే విజయనగరం తీసుకెళ్లాం. మూత్రం కల్చర్‌కి, అంటే ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్షకి పంపారు, రిపోర్టు మూడో రోజుకి వచ్చింది. అందులో మందుల పేర్లు వరసగా రాసి, పనిచేసేదాని ఎదురుగా 'ఎస్' అని, పనిచెయ్యనిదాని ఎదురుగా 'ఆర్' అని వేస్తారు. పైనుంచి కింద దాకా ఆర్‌లే. ఎస్‌లు మూడో నాలుగో, అవీ ఇంజక్షన్లే. వారం ఆస్పత్రిలోనే ఉన్నాం. నేను తెచ్చిచ్చిన మాత్ర పేరు ఆ లిస్టులో మొదట్లోనే ఉంది, ఆర్ అని.

నిజానికి ఇది మా వాళ్లకి అర్థం కాని విషయం కాదు. వరిలో దోమకి ఒకటే మందు ఏళ్ల తరబడి కొడితే కొన్నాళ్లకి దోమ చావదని మా ఊళ్లో ఏ రైతునడిగినా చెప్తాడు. ఒంట్లో క్రిమి కథా అదే, మందుకి లొంగేవి ముందు చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి, పైగా ఆ తట్టుకునే గుణాన్ని పక్క క్రిములకి కూడా అంటిస్తాయి. చాలామంది మనిషికి మందు అలవాటు పడిపోయిందనుకుంటారు, కాదు, అలవాటు పడేది క్రిమి. ఇంత తేలిక సంగతిని ఏటా నవంబరు 18 నుంచి 24 దాకా, మందులకి లొంగని క్రిముల మీద అవగాహన వారోత్సవాలని పెట్టి, బ్యానర్ మీద నోరు తిరగని మాటలు రాసి, ఫొటో దిగి వెళ్లిపోతే ఎవరికి ఎక్కుతుంది?

చెప్పేవాళ్లు ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోవాలి. "రెండు రోజులకి ఇయ్యి బాబూ, జొరం బేగి తగ్గాలి, రేపు పనికెళ్లాలి" అని మందుల షాపులో అడిగే మనిషిని తిట్టి లాభం లేదు. ఒక రోజు కూలి పోతే ఆ ఇంట్లో ఎంత టెన్షనో మనకి తెలుసు. ఆ మనిషికి చెప్పాల్సింది, జలుబూ మామూలు ఫ్లూ జ్వరమూ వైరస్ వల్ల వచ్చేవి, వాటి మీద యాంటీబయాటిక్ పనిచెయ్యదు, "పవర్ ఉన్న మాత్ర" అడిగి కొనుక్కున్న డబ్బులు దండగ అని. డబ్బు మాట చెప్తే వింటారు. డాక్టరు రాసినప్పుడు మాత్రం ఎన్ని రోజులంటే అన్ని రోజులు వాడాలి, మధ్యలో మనంతట మనం ఆపకూడదు.

ఇక ఎర్ర గీత. మాత్రల అట్ట వెనక నిలువుగా ఒక ఎర్ర గీత ఉంటుంది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని. యాంటీబయాటిక్కులకే కాదు, ఇంకా చాలా మందులకి ఉంటుంది. దీని మీద కేంద్రం 2016లో ప్రచారం కూడా మొదలెట్టింది, నాకు మాత్రం ఈ ఏడు ఆస్పత్రిలో నర్సమ్మ చూపించేదాకా తెలీదు. 2014 నుంచి హెచ్1 షెడ్యూల్ అని మందుల జాబితా ఒకటి చట్టంలో ఉంది, అందులోని మందులు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో రిజిస్టర్లో రాసుకోవాలి. నేను అన్నిసార్లు కొన్నా నా పేరు ఎవరూ అడగలేదు, మరి ఆ రిజిస్టర్లో ఏం రాసుకున్నారో. కేరళలో యాంటీబయాటిక్కుల్ని నీలం కవర్లో వేసి ఇస్తున్నారట, చదువు రానివాళ్లకి కూడా ఇది వేరే మందని తెలిసిపోతుంది, మనకేం అడ్డం?

డ్వాక్రా మీటింగులో పది నిమిషాలు ఆశా కార్యకర్తతో చెప్పించండి, ఖాళీ అట్ట ఒకటి చేతిలో పెట్టి చూపిస్తే చాలు. బడిలో పిల్లలకి చెప్తే ఇంటికెళ్లి గూట్లో ఉన్నవన్నీ తీసి వాళ్లే గీతలు వెతుకుతారు.

మీరు కూడా ఆ గీత ఉన్న అట్ట ఫొటో ఒకటి పేపర్లో పెద్దగా వెయ్యండి. చోటు లేకపోతే నా ఉత్తరం తీసేసినా పర్వాలేదు. రంగుల పేజీలో వెయ్యండి సార్, నలుపు తెలుపులో వేస్తే ఎర్ర గీత కనబడదు.

– ఒక పాఠకుడు, చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా