క్రిస్మస్ మరునాడు చూసిన వేట

ప్రియమైన చంద్రా,

నీ ఉత్తరం దసరాకు ముందే అందింది. జవాబు రాయడానికి సంక్రాంతి దగ్గరపడవలసి వచ్చింది, క్షమించు. ఇక్కడ అందరం క్షేమం. పాప కొత్త బడికి అలవాటు పడింది, అమ్మ పంపిన నల్లకారం అందింది. మిగిలిన కబుర్లన్నీ మరో ఉత్తరంలో రాస్తాను. రెండు వారాలుగా ఒకే సంగతి నా గుండెలో అడ్డం పడి ఉంది. దానిని నీకు తప్ప మరెవరికి చెప్పినా సగమే అర్థమవుతుంది.

క్రిస్మస్ మరునాడు వేట బృందాలు ఊరి నడుమ గుమిగూడడం ఇంగ్లాండు పల్లెల్లో పాత ఆచారం. ఆ ఉదయం మా ఊరి పబ్బు ముందు ముప్పైకి పైగా గుర్రాలు నిలిచాయి. ఎర్రకోట్లు వేసుకున్న రౌతులు, గుర్రాల ఒంటి నుంచి లేచే ఆవిరి, వాటి కాళ్ళ మధ్య తోకలాడిస్తూ తిరిగే జాగిలాలు. వాటిని ఇక్కడ జతల లెక్కన చెబుతారు. ఆ రోజు పదిహేను జతలు వచ్చాయని ఒకాయన నాతో గర్వంగా అన్నాడు. ఆ దృశ్యం అందంగా ఉందని ఒప్పుకోవాలి. మీ తాతగారి వేటకుక్క కర్రోడు గుర్తుకు వచ్చి నేను కూడా వంగి ఒక జాగిలం మెడ నిమిరాను.

2004లో చేసిన చట్టం 2005 ఫిబ్రవరి 18 నుంచి అమల్లోకి వచ్చి, ఇంగ్లాండులోను వేల్సులోను కుక్కలతో నక్కను వేటాడడాన్ని నిషేధించింది. అందుకని ఇప్పుడు తాము చేసేది 'ట్రెయిల్ హంటింగ్' అని వీళ్ళు చెబుతారు. అంటే, ముందుగా ఒకరు జంతువు వాసన పట్టించిన గుడ్డను పొలాల వెంట ఈడ్చుకుంటూ వెళతారు, జాగిలాలు ఆ జాడ పట్టుకుని పోతాయి, వాటి వెనుక గుర్రాలు పరుగెత్తుతాయి, ఏ ప్రాణికీ హాని జరగదు. నేను కూడా ఆ మాట నమ్మాను.

మధ్యాహ్నం ఒంటరిగా వాగు పక్కన కాలిబాట మీద నడుస్తున్నాను. దూరంగా బూర ఊదిన చప్పుడు, ఆ తరువాత జాగిలాల అరుపులు వినిపించాయి. అంతలో కంచె సందులోంచి నక్క బయటికి వచ్చింది. ఇది మన గుంటనక్క కన్నా పెద్దది, ఇటుక రంగులో ఉంటుంది. కడుపంతా బురద, తెరిచిన నోరు, పక్కకు వేలాడే నాలుక. ప్రతి పరీక్షకు ముందు తొక్కి వెళ్ళాలని మనం చెరువుగట్టంతా వెతికిన ఆ నక్కతోక, తడిసి నేల మీద ఈడ్చుకుంటోంది. అది నన్ను చూసింది కానీ దారి మార్చుకోలేదు. నాకు భయపడేంత శక్తి దానిలో మిగలలేదు.

ముందుగా వచ్చిన జాగిలాలు దానిని ముళ్ళపొద దగ్గర అందుకున్నాయి. అయిదారు సెకన్లలో అంతా అయిపోయింది. వెనుక గుర్రం మీద వచ్చిన ఒక స్త్రీ నన్ను చూసి ఆగి, జాగిలాలు జాడ తప్పాయని, ఇది పొరపాటుగా జరిగిందని ఎంతో మర్యాదగా చెప్పింది. ఆమె వెనుకనే ఇద్దరు మనుషులు నాలుగు చక్రాల బైకు మీద వచ్చారు. ఆ బండిలో బొరియల్లోకి వదిలే చిన్న కుక్కల పెట్టె ఉంది, రెండు పారలు ఉన్నాయి. గుడ్డ వాసనను వెంటాడే వాళ్ళకు పారలతో ఏం పని? కానీ ఆ చట్టం కింద నేరం రుజువు కావాలంటే, కావాలనే వేటాడారని చూపించాలి. పొరపాటు అన్న ఆ ఒక్క మాటను దాటి వెళ్ళడం ఎంత కష్టమో నాకు అక్కడే అర్థమైంది.

సాయంత్రం మా పక్కింటి పెద్దాయనతో ఈ సంగతి చెప్పాను. ఆయన గొర్రెల రైతు, ఎన్నడూ గుర్రమెక్కి వేటకు వెళ్ళినవాడు కాడు. వసంతంలో పుట్టిన గొర్రెపిల్లలను నక్కలు ఎత్తుకుపోతాయని, తుపాకీతో కాలిస్తే గురి తప్పిన నక్క గాయంతో రోజుల తరబడి ఏ గుంటలోనో నరకం అనుభవిస్తుందని, జాగిలాలకు దొరికితే ఆ క్షణంలోనే ప్రాణం పోతుందని, దొరకకపోతే ఒంటి మీద గీత కూడా పడకుండా తప్పించుకుంటుందని అన్నాడు. ఆయన మాటను నేను తేలికగా తీసివేయలేను. వేట మీద లార్డ్ బర్న్స్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన విచారణ సంఘం కూడా 2000లో ఇచ్చిన నివేదికలో, జాగిలాలు పట్టుకున్నాక చాలాసార్లు కొన్ని సెకన్లలోనే చావు వస్తుందని చెప్పింది. నా కళ్ళతో చూసింది కూడా అదే. కానీ వేట నక్క క్షేమాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుందని చెప్పింది కూడా ఆ సంఘమే. నక్క కొద్ది దూరం మెరుపులా పరుగెత్తగలదు. జాగిలాలనేమో అలసిపోకుండా గంటల తరబడి వెంటపడేలా తరతరాలుగా ఏరి పెంచారు. నిషేధానికి ముందు, నక్క లోపలికి దూరిపోకుండా వేటకు ముందే బొరియల నోళ్ళు మూసి ఉంచేవారు కూడా. చివరి అయిదు సెకన్లను మాత్రమే లెక్కపెట్టి, దానికి ముందు జరిగినదంతా లెక్కలోకి తీసుకోకపోవడం న్యాయమా?

ఇక నక్కల సంఖ్య మాట. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి బ్రిటన్ అంతటా వేట ఇంచుమించు ఏడాదిపాటు ఆగిపోయింది. ఆ కాలంలో నక్కలు చెప్పుకోదగినంతగా పెరగలేదని మరుసటి ఏడాది పరిశోధకులు ప్రకటించారు. ఇది చెప్పినప్పుడు పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఈ వేట కూడా పోతే చలికాలంలో నా గుమ్మం తొక్కేవాళ్ళు ఎవరుంటారు?" అన్నాడు. వేట నిషేధాన్ని వ్యతిరేకిస్తూ 2002 సెప్టెంబరులో లండను వీధుల్లో నడిచిన నాలుగు లక్షల మందిలో ఆయన కూడా ఉన్నాడట. ఆ ఒంటరితనం నిజమైనది, దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా దానికి మూల్యం నక్క ఎందుకు చెల్లించాలి?

చంద్రా, అసలు చెప్పాలనుకున్నది ఇంకా చెప్పలేదు. ఆ గుర్రం మీది స్త్రీ ముఖం ఎర్రబడి ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి. ఆ మెరుపు నాకు పరిచయమే. కర్రోడి వెనుక చెవులపిల్లి కోసం చెప్పులు లేకుండా పరుగెత్తిన రోజున నీ ముఖంలోనూ చూశాను, నా గొంతులోనూ విన్నాను. గుంటనక్క లేచినప్పుడు మాత్రం మీ తాతగారు ఈల వేసి కర్రోడిని వెనక్కి పిలిచి, "తినని దాన్ని తరమగూడదు" అన్నారు. గొప్ప నియమమే. కానీ అది చెవులపిల్లిని కాపాడలేదు. ఆ రోజు మన ఇళ్ళలో రాగులకు కరువేమీ లేదు. మనం ఆకలితో పరుగెత్తలేదు, పరుగు కోసమే పరుగెత్తాము. గుండ్రాయి దగ్గర అది పసిబిడ్డలా ఏడ్చినప్పుడు నువ్వు చెవులు మూసుకున్నావు. నేను మూసుకోలేదు. ఇన్నేళ్ళలో ఆ సంగతి మనం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. అందుకే ఆ స్త్రీని తప్పుపట్టబోయి నా నోరు పెగలలేదు, తప్పు తప్పేనని తెలిసి కూడా…

ఇక్కడి పాలకపక్షం ట్రెయిల్ వేటను కూడా నిషేధిస్తామని 2024 ఎన్నికల్లో మాట ఇచ్చింది. నేను చూసినదంతా కాగితం మీద పెట్టి మా ప్రాంతపు పార్లమెంటు సభ్యుడికి పంపాను. పెద్దాయనకు కూడా ముందే చెప్పాను. ఆయన తలుపు వేసుకోలేదు, అంతవరకు సంతోషం.

నాలుగున్నరకు తపాలా పెట్టె ఖాళీ చేస్తారు, ఇప్పుడు నాలుగు దాటింది. ఒక్కటి మాత్రం తప్పకుండా రాయి. ఆ రోజు చెవులు మూసుకున్నాక, ఇంటికి వెళ్ళి నువ్వు ఆ కూర తిన్నావా?

నీ
రఘు