పంది పిల్లల్ని నాలుగు వారాలైనా తల్లి దగ్గర ఉండనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పందుల పెంపకంలో లాభం మాట వస్తే తల్లి పంది ఏడాదికి ఎన్నిసార్లు ఈనిందనే లెక్కే చూస్తున్నారు. పాలు మాన్పించిన వారం రోజుల్లోనే అది మళ్లీ ఎదకు వస్తుంది కాబట్టి, మూడు వారాలు నిండకుండానే పిల్లల్ని వేరు చేసేస్తున్నారు. నేనూ ఒకసారి ఆ తప్పు చేశాను. పద్దెనిమిదో రోజున వేరు చేస్తే, మర్నాటికి పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి మూలన పడుకున్నాయి. దాణా తొట్టి వైపే పోలేదు. నాలుగో రోజుకు నీళ్ల విరేచనాలు, తోక కింద చర్మమంతా ఎర్రగా ఒరిసిపోయింది. మూడు పిల్లలు దక్కలేదు.

మనిషి బిడ్డకు కడుపులో ఉండగానే తల్లి యాంటీబాడీలు (రోగాలతో పోరాడే ప్రోటీన్లు) అందుతాయి. పందిలో మాయ (ప్లాసెంటా) వాటిని దాటనివ్వదు. మొదటి రోజు తాగే ముర్రుపాలే పిల్లకు దిక్కు. ఒక రోజు దాటితే పేగు వాటిని రక్తంలోకి తీసుకోవడం దాదాపు ఆపేస్తుంది. అలా అందిన రక్షణ మూడు, నాలుగు వారాలకల్లా బాగా తగ్గిపోతుంది. సొంత రోగనిరోధక శక్తి అప్పటికింకా కుదురుకోదు. ఈ సందులో పేగును కాపాడేది రోజూ తాగే తల్లిపాలే. సరిగ్గా అప్పుడే మనం ఆ పాలు ఆపేస్తున్నాం! తల్లి దూరమైన టెన్షన్, కొత్త తిండి, కొత్త చోటు అన్నీ కలిసి పేగు లోపలి పొర దెబ్బతింటుంది. ఈ.కోలై లాంటి బ్యాక్టీరియాకు అంతకన్నా ఏం కావాలి?

ఆ తర్వాత దాణాలో యాంటీబయాటిక్ కలపడం మామూలైపోతుంది. మందుకు లొంగని సూక్ష్మజీవులు షెడ్డులోనే ఆగిపోవు, మనుషుల దాకా వస్తాయి. అందుకే ఇది పందులు పెంచేవాళ్ల గొడవ మాత్రమే కాదంటున్నాను.

యూరోపియన్ యూనియన్ 2008 నాటి ఆదేశం ప్రకారం, తల్లి ఆరోగ్యానికో బాగోగులకో, లేదా పిల్లల ఆరోగ్యానికో బాగోగులకో హాని ఉంటే తప్ప 28 రోజుల లోపు పాలు మాన్పించకూడదు. శుభ్రం చేసి, క్రిమిసంహారక మందు కొట్టిన ప్రత్యేక షెడ్డులోకి మార్చేటట్లయితే ఒక వారం దాకా ముందు వేరు చేయొచ్చు. విరేచనాలకు దాణాలో ఎక్కువ మోతాదులో కలిపే జింక్ ఆక్సైడ్ మందును కూడా అక్కడ 2022లో ఆపేశారు.

రైతులకు శిక్షణ ఇచ్చే అధికారులు ఈతల లెక్కతోపాటు ఈ 28 రోజుల మాట కూడా చెప్పాలి. పిల్లల్ని అమ్మేవాళ్లు పుట్టిన తేదీ, పాలు మాన్పించిన తేదీ రాసిచ్చేలా నిబంధన పెట్టాలి. ఇప్పుడు బరువు చూసి కొనడమే తప్ప, పిల్ల ఎన్నాళ్లు పాలు తాగిందో కొనేవాడికి తెలిసే దారి లేదు.

– ఒక పందుల పెంపకందారు