సాల్వేజ్ ఆపేసింది నేనే, ఎందుకో చెప్తా

మన స్పేస్ గేమ్‌లో గురువారం రాత్రి నుంచి పగిలిన షిప్ మీద ట్రాక్టర్ బీమ్ (వస్తువుల్ని దూరం నుంచే లాగే కిరణం) వేస్తే ఏమీ రావట్లేదని చాలామంది అడుగుతున్నారు. సర్వర్ పడిపోలేదు, మీ నెట్ తప్పూ కాదు, సాల్వేజ్‌ని, అంటే పగిలిన షిప్‌ల ముక్కలు, సరుకు ఏరుకోవడాన్ని, నేనే ఆఫ్ చేశా. అంత ఊరించి ఇచ్చిన అప్‌డేట్‌ని తొమ్మిది రోజులకే తీసేయడం సిగ్గుగానే ఉంది. రెండు ముక్కల నోటీస్ పడేసి ఊరుకోవచ్చు గానీ మొదట్నుంచీ మాతో ఉన్నవాళ్లకి అది సరిపోదు.

ముందు డూప్ సంగతి, అంటే ఒకే వస్తువు రెండైపోవడం. ఒకే రియాక్టర్‌ని ఇద్దరు ఒకేసారి లాగితే ఇద్దరి కార్గోలోనూ రియాక్టర్ పడేది. ముక్క ఇంకా ఉందా అని సర్వర్ చూసేది, ఇచ్చేది, ఆ తర్వాత స్పేస్‌లోంచి తీసేసేది, ఆ మధ్యలో ఉన్న సందులో రెండోవాడి రిక్వెస్ట్ దూరిపోయేది. మల్టీప్లేయర్ గేమ్ రాసే ఎవడైనా మొదటి ఏడాదే నేర్చుకునే పాఠం ఇది, ఇన్నేళ్ల తర్వాత నేనే రాసి నేనే చూసుకోలేదు. ఇప్పుడు చూడ్డం, ఇవ్వడం, తీసేయడం మూడూ ఒకే దెబ్బలో అవుతాయి, రెండోవాడికి "ఎవరో తీసుకున్నారు" అని వస్తుంది. డూప్ అయిన సరుకు వెనక్కి తీసుకున్నాం, ఈలోపే అమ్మేసుకున్నవాళ్ల డబ్బు ముట్టుకోలేదు.

ఇక లాగ్, అంటే గేమ్ ఆగి ఆగి నడవడం. షిప్‌లు విరిగే మోడల్స్ పని బయటివాళ్లకి ఇచ్చా. ఒక్కో షిప్ 40 ముక్కలవ్వాలి, దేని బరువు దానికుండాలి, దేన్నైనా విడిగా కోసి లాగగలగాలి అని రాసి మరీ ఇచ్చా. వాళ్లు వీడియో పంపారు, మంట, పొగ, గిరగిరా తిరుగుతూ పోయే ముక్కలు, చూసి మా ముగ్గురం చప్పట్లు కొట్టాం. ఫైల్స్ వచ్చాక తెరిచి చూస్తే అదంతా ఒకటే యానిమేషన్, నలభై ముక్కలూ కలిపి ఒకే వస్తువు, చిన్న రెక్క మీద బీమ్ వేస్తే షిప్ మొత్తం కదిలొస్తోంది. ఇదేంటని అడిగితే "వీడియో చూసి బాగుందన్నారు కదా సార్" అన్నారు. అన్నా, నిజమే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఇంకొకరి దగ్గరికి వెళ్లబుద్ధి కాలేదు, పదకొండు షిప్ మోడల్స్‌నీ మేమే కూర్చుని కోశాం, ఆ తొందరలో ఒకటి మర్చిపోయాం. నేల మీద ఆడే గేమ్‌లో విరిగిన వస్తువు కింద పడి ఆగిపోతుంది, ఆగిపోయినదాని గురించి సర్వర్ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. స్పేస్‌లో ఆపేదేముంది? ఒక ఫైట్‌లో 12 షిప్‌లు పేలితే 480 ముక్కలు, ఒక్కోటి ఎక్కడుందో సెకనుకి 20 సార్లు, సారికి 30 బైట్లు, అంటే ఒక్కో ప్లేయర్‌కి సెకనుకి 2,88,000 బైట్లు, ఉత్త చెత్త కోసం! ఎవరూ తాకనంతవరకు ముక్క ఒకే వేగంతో తిన్నగా పోతుంది కాబట్టి ఇప్పుడు ఒక్కసారి వేగం, దిశ చెప్పి వదిలేస్తున్నాం, మిగతా లెక్క మీ కంప్యూటరే వేసుకుంటుంది. ఎవరైనా లాగితేనో, దేన్నైనా గుద్దుకుంటేనో మళ్లీ చెప్తాం.

ఇవి తలనొప్పులే గానీ తగ్గేవి. నాకు నిద్ర లేకుండా చేసింది వేరే ప్రశ్న, పగిలిన షిప్ ఎవరిది?

మొదట ఎవరికి దొరికితే వాళ్లదే అని పెట్టా. సొమ్మొకడిది సోకొకడిది అని మీరు తిట్టారు, తిట్టాల్సిందే. బీటా నుంచి ఆడుతున్న ఒకాయన, తన ఫ్రైటర్ (సరుకు మోసే షిప్) పేలిపోయాక ఎస్కేప్ పాడ్‌లో వెనక్కొచ్చి చూస్తే, రెండ్రోజుల క్రితం చేరిన కుర్రాడు ఆయన కళ్ల ముందే సరుకు ఎక్కించుకుంటున్నాడట. అది చదివి పది నిమిషాల ఓనర్ లాక్ పెట్టా, అంతసేపూ ఓనర్ తప్ప ఎవరూ ముట్టుకోలేరు. న్యాయం చేశాననుకున్నా. మూడు రోజుల తర్వాత ఒక రీప్లే చూశా. పేల్చినవాళ్లు ఎక్కడికీ పోలేదు, ఇంజన్లు ఆపుకుని ఆ షిప్ వెనకే నక్కి కూర్చున్నారు, ఎందుకంటే పది నిమిషాల్లోపు ఓనర్ వచ్చి తీరతాడని వాళ్లకి గ్యారంటీ ఇచ్చింది నేనే కదా. పాపం ఆయన ఒక్క ఫ్రైటర్ కోసం మూడుసార్లు చచ్చాడు. గురువారం ఆఫ్ చేసింది డూప్ వల్ల అని అందరూ అనుకుంటున్నారు, కాదు, ఆ రీప్లే వల్ల.

ఈవ్ ఆన్‌లైన్ అనే ఇంకో స్పేస్ గేమ్‌లో వేరేవాళ్ల పగిలిన షిప్‌లోని సరుకు ఎత్తితే దొంగ ముద్ర పడుతుంది, షిప్‌ని సాల్వేజ్ చేసుకుంటే మాత్రం పడదు. అదే పెడదామా అనుకున్నా, కానీ ముద్ర పడినంత మాత్రాన ఓనర్‌కి సరుకు తిరిగి రాదుగా. నిజం స్పేస్‌లో ఎలాగో చూశా. 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం పైకి పంపినది ఎక్కడున్నా, ఎలా ఉన్నా దాని సొంతదారు మారడు. 1984లో దారి తప్పిన వెస్టార్ 6, పలాపా బీ2 ఉపగ్రహాలకి ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ కట్టేసి సొంతం చేసుకున్నారు, అదే ఏడాది నవంబర్‌లో డిస్కవరీ షటిల్ వెళ్లి రెండిటినీ కిందికి తెచ్చింది, వ్యోమగాములు "అమ్మబడును" అని బోర్డు పట్టుకుని ఫొటో కూడా దిగారు. సముద్రంలో అయితే కాపాడినవాడికి సొంతం కాదు, ప్రతిఫలం దక్కుతుంది. నాకు కావాల్సింది ఇదే అనిపించింది.

కాబట్టి ఇకనుంచి షిప్ బాడీ ఎవరైనా కోసుకోవచ్చు. లోపలి సరుకు సీల్ వేసిన పెట్టెల్లో ఉంటుంది, స్టేషన్‌లో తప్ప తెరుచుకోదు, తెచ్చినవాడికి 40 శాతం, మిగతా 60 ఓనర్ ఖాతాలోకి దానంతటదే వెళ్తుంది, ఆయన అక్కడికి రానక్కర్లేదు. దొంగల గ్యాంగ్‌లు నా మీద మండిపడుతున్నాయి, వాళ్లకి ఒకటే మాట, పేల్చకుండా లొంగదీసుకుంటే సరుకంతా మీదే, ఆ దారి మూయలేదు. షిప్ ధరలో ఇన్సూరెన్స్ 60, బాడీ ముక్కలు 50, మొత్తం 110 శాతం వస్తోందని సొంత షిప్‌లు పేల్చుకున్న మహానుభావులు కూడా ఉన్నారు, మీ లెక్క కరెక్టే, నాదే తప్పు, బాడీ ఇప్పుడు 30కి దించా.

సాల్వేజ్ షిప్ కొన్నవాళ్లు ఇది తిరిగొచ్చేదాకా దాన్ని మామూలు కార్గో షిప్‌గా వాడుకోవచ్చు, వద్దనుకుంటే స్టేషన్‌లో ఇచ్చేస్తే పూర్తి డబ్బు వెనక్కొస్తుంది. శనివారం టెస్ట్ సర్వర్ తెరుస్తాం, వచ్చి వీలైనన్ని రకాలుగా మోసం చేసి చూడండి, అక్కడ నిలబడితేనే మెయిన్‌లోకి తెస్తా. సరుకు తెచ్చినవాడి 40 శాతాన్ని 50 చేయమంటే వింటా, లాక్ టైమర్ మాత్రం మళ్లీ అడక్కండి, పెట్టను.